షెడ్యూలంతా పచ్చగానే ఉంది, సెట్టు మాత్రం బండెక్కలేదు

కౌశిక_కాలవ
హైదరాబాదులో విమాన విడిభాగాలు చేసే ఓ కంపెనీలో ప్లానింగ్ చూస్తున్నాను. కంపెనీ పేరు అడక్కండి. రెక్క లోపలుండే రిబ్బులు, వాటిని పట్టి ఉంచే బ్రాకెట్లు చేసి, ఒక్కో విమానానికి కావలసినవన్నీ ఒక సెట్టుగా కట్టి పంపుతాం. షిప్‌సెట్టు అంటాం దాన్ని. ఒక్కో సెట్టులో 214 భాగాలు. ప్రైమవేరా అనే షెడ్యూలు సాఫ్ట్‌వేర్లో నా షెడ్యూలు 4,200 లైన్లు, లైనుకో పని. ప్రతి సోమవారం రివ్యూ. పోయిన నెల నాలుగు సోమవారాలూ తెర మీద అంతా పచ్చగానే ఉంది. 92 శాతం, 94, 95, 96. శుక్రవారం బండెక్కాల్సిన సెట్టు ఎక్కలేదు. రెండు బ్రాకెట్లు లేవు. మిగతా 212 ప్యాకింగ్ బల్ల మీద కూచుని ఆ రెండింటి కోసం చూస్తున్నాయి. పందిట్లో అందరూ ఉండి పురోహితుడు రాని పెళ్ళిలా ఉంది వ్యవహారం.

మా పెద్దాయన తేల్చిందేంటంటే సాఫ్ట్‌వేర్ పాతబడిపోయింది, ఇంకా ఖరీదైనది కొనాలి అని. ఒకాయన వచ్చి డెమో ఇచ్చి, బిస్కెట్లు తిని వెళ్ళాడు కూడా. నా అనుమానం వేరు. అసలీ సాఫ్ట్‌వేర్లు పనిని అదుపులో పెడతాయా, లేక ఎంత ఆలస్యమైందో రంగులేసి చూపిస్తాయా? ఈ లైన్లో ఉన్నవాళ్ళు చెప్పండి.

భీమారం_రొయ్య
రెండు బ్రాకెట్లకి 4,200 లైన్లా బాబూ! మా చెరువుకి ఒకటే లైను. కరెంటు ఉందా, పోయిందా.

తణుకు_టర్నర్
నాది చిన్న షాపు. రెండు సీఎన్‌సీలు (కంప్యూటరుతో నడిచే మెషిన్లు), ఒక పాత లేతు. మీలాంటి కంపెనీలకి జాబ్‌వర్కు చేస్తాను. ఆ 90 శాతాలు ఎలా పుడతాయో నన్నడగండి. మీ ప్లానింగ్ నుంచి ఫోనొస్తుంది, "ఎంతవరకొచ్చింది గురూగారూ" అని. "అయిపోవచ్చిందండి" అంటాను. మీరక్కడ 90 కొట్టుకుంటారు. ఇక్కడ ఆ ముక్క ఇంకా కొయ్యని లోహపు బారుగానే గోడకి ఆనుకుని ఉంటుంది.

కౌశిక_కాలవ
టర్నర్ గారూ, మీరు మా సప్లయరు కాదు కదా?

తణుకు_టర్నర్
కాదు లెండి. కానీ మీ సప్లయరు కూడా నాలాంటోడే.

రావులపాలెం_రివెట్టు
ముప్పై నాలుగేళ్ళు విమానాల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాను, ఇప్పుడు అరటి తోట. మా హ్యాంగరులో కంప్యూటరు లేదు. గోడకి పెద్ద బోర్డు, దాని మీద ఏ విమానానికి ఏ భాగం లేదో చీటీలు. రోజూ ఏడున్నరకి ఆ బోర్డు ముందు అందరూ నిలబడాలి. కుర్చీలుండవు. చీటీ మీద పేరున్నవాడు "ఎప్పుడిస్తావు" అంటే తేదీ చెప్పాలి. చెప్పిన తేదీకి ఇవ్వకపోతే మర్నాడు అదే బోర్డు ముందు అందరిలోనూ నిలబడాలి. అంతకన్నా సాఫ్ట్‌వేరేం కావాలి? నాయనా కాలవా, లేనివాటి జాబితా రాసుకో. ఉన్నవాటిని లెక్కపెట్టుకుని మురిసిపోకు.

లేసుపార్కు_లక్ష్మి
మాది నరసాపురం, ఉద్యోగం బెంగళూరు. పదకొండేళ్ళుగా ఇదే పని. రివెట్టు బాబాయి గారి బోర్డు మాట సగం ఒప్పుకుంటాను. మిగతా సగం తర్వాత చెబుతాను. ముందు కాలవ గారి 96 శాతం సంగతి చూద్దాం. అందులో అబద్ధం లేకపోవచ్చు, చిక్కంతా అక్కడే ఉంది.

మీ సెట్టు మొత్తం 1,000 గంటల పని అనుకోండి. ఆ రెండు బ్రాకెట్లకి కలిపి ఆరు గంటలు. మిగతావన్నీ అయిపోతే లెక్క 99.4 శాతం చూపిస్తుంది. లెక్క తప్పు కాదు. కానీ విమానం 99.4 శాతం రెక్కతో ఎగరదు. ఎర్న్‌డ్ వాల్యూ అని, అయిన పనిని గంటల్లో లెక్కగట్టడానికి మనం పెట్టుకున్న కొలతకి భాగం చిన్నదా పెద్దదా అనే తెలుసు, అది లేకపోతే ఏది ఆగుతుందో తెలియదు.

ఇంకోటి. ఈ రోజుకి 800 గంటల విలువైన పని అవాలి, 600 అయింది, దానికి 750 గంటలు పట్టింది అనుకుందాం. 600ని 800తో భాగిస్తే 0.75, అది షెడ్యూలు సూచిక. 600ని 750తో భాగిస్తే 0.8, అది ఖర్చు సూచిక. ఖర్చు సూచిక చివరిదాకా నిజమే చెబుతుంది. షెడ్యూలు సూచిక అలా కాదు. పని ఎంత ఆలస్యంగా ముగిసినా, ముగిసేసరికి అది 1కి వచ్చేస్తుంది. అవాల్సిందీ అయిందీ చివరికి ఒకటే అంకె కదా. అందుకే ఆఖరి నెలలో అందరి తెరలూ పచ్చగా ఉంటాయి.

శాతాలు అడగడం మానెయ్యండి. ఒక్కో ఆపరేషన్‌కి సున్నా లేదా వంద. రూట్ కార్డు (ముక్కతోపాటు తిరిగే పనుల చీటీ) మీద క్యూసీ, అంటే తనిఖీ వాళ్ళ స్టాంపు పడిందా వంద, లేదా సున్నా. టర్నర్ గారి "అయిపోవచ్చింది"కి సున్నా.

తణుకు_టర్నర్
అన్యాయం అక్కా. కనీసం బారు కొన్నందుకైనా పది వెయ్యండి.

లేసుపార్కు_లక్ష్మి
మెటీరియల్ మీ గేటు దాటి లోపలికొచ్చినట్టు సర్టిఫికెట్టుతో సహా చూపిస్తే దానికో లైను పెట్టి దానికి వంద వేస్తాను. బేరాల్లేవు.

ధవళేశ్వరం_లాకు
నేను విమానాల మనిషిని కాదు, నీటిపారుదల పనుల్లో ఈ ప్రైమవేరానే (మేం పీ6 అంటాం) నడిపాను. కాలవ గారి ప్రశ్న పాతదే. పోలారిస్ క్షిపణి కోసం అమెరికా నౌకాదళం 1958లో పెర్టు అనే పద్ధతి తయారు చేసుకుంది, పనులన్నిటినీ ఒకదాని వెనక ఒకటి వలలా గీసి ఎన్నాళ్ళు పడుతుందో లెక్కగట్టేది. దానికి ఏడాది ముందే డూపాంట్ రసాయన కంపెనీ వాళ్ళు క్రిటికల్ పాత్ పద్ధతి మీద పని మొదలెట్టారు, ఏ పనుల వరస ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో తేల్చేది. ఇవాళ మీ కంప్యూటర్లో ఎర్రగా కనబడే గీతకి మూలం ఆ రెండే. పోలారిస్ అనుకున్నదానికన్నా ముందే సముద్రంలోకి దిగింది, దాంతో పెర్టుకి ప్రపంచమంతా దండం పెట్టింది. తర్వాత ఆ కార్యక్రమాన్ని లోతుగా చదివినవాళ్ళు రాసింది వేరు. పెర్టు పనిని నడిపినదానికన్నా, పై నుంచి వచ్చి వేలు పెట్టేవాళ్ళని దూరంగా ఉంచడానికే ఎక్కువ ఉపయోగపడిందిట. అంత పెద్ద చార్టు గోడకి తగిలించి ఉంటే అడిగేవాడికి నోరు పెగలదు కదా.

భీమారం_రొయ్య
అయితే కాలవ అన్న షెడ్యూలు కూడా దిష్టిబొమ్మే అన్నమాట.

కౌశిక_కాలవ
దిష్టిబొమ్మని చూసి కాకులైనా భయపడతాయి. మా షాపు సూపర్‌వైజరు నా షెడ్యూలు వైపు చూడనైనా చూడడు.

యానాం_ఫ్రెంచి
ఫ్రాన్సులో, తులూజ్‌లో ఉంటాను. పెద్ద కంపెనీలకి మంచి సాఫ్ట్‌వేరుంటే అన్నీ సజావుగా సాగుతాయని మీ పెద్దాయన అనుకుంటే ఆయనకి ఎయిర్‌బస్ ఏ380 కథ చెప్పండి. ఒక్కో విమానంలో దాదాపు 530 కిలోమీటర్ల వైరు. హాంబుర్గులో వైర్ల డిజైను కాటియా అనే డిజైను సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ 4లో, తులూజ్‌లో వెర్షన్ 5లో. పేరు ఒకటే, కంపెనీ ఒకటే, ఫైళ్ళు మాత్రం ఒకదాంతో ఒకటి సరిగా మాట్లాడుకోలేదు. జర్మనీ నుంచి వచ్చిన వైర్ల మోపులు ఇక్కడ ఫ్యూజలాజ్‌లో, అంటే విమానం ఒంట్లో పెడితే పొడవు చాలలేదు. మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కి 2007 అక్టోబరులో అందింది, అనుకున్నదానికి దాదాపు రెండేళ్ళు ఆలస్యంగా. అక్కడ షెడ్యూలు సాఫ్ట్‌వేర్ లేక కాదు. "డిజైను పూర్తి" అని ఇద్దరూ టిక్కు పెట్టారు, ఇద్దరి "పూర్తి" ఒకటి కాదు.

లేసుపార్కు_లక్ష్మి
ఫ్రెంచి గారి మాట పట్టుకునే బోయింగ్ 787 కూడా. 2007 జూలై 8న జనాన్ని పిలిచి విమానాన్ని బయటికి తెచ్చారు. అమెరికా వాళ్ళు నెల ముందు రాస్తారు కాబట్టి ఆ తేదీ 7-8-07 అవుతుంది, అందుకే ఆ రోజు. ముహూర్తం అంటే అదీ! బయటికి చూడ్డానికి విమానమే, లోపల చాలా చోట్ల తాత్కాలిక బిగింపులు, సిస్టమ్స్ చాలా భాగం లేవు. అసలు బోల్టులకి, ఫాస్టెనర్లకి కరువు. ఎగిరింది 2009 డిసెంబరు 15న. మొదటి కొనుగోలుదారు, జపాను ఏఎన్‌ఏ చేతికి 2011 సెప్టెంబరులో అందింది, 2008 మేలో అందాల్సింది. రకరకాల దేశాల్లో సప్లయర్లు చెయ్యాల్సిన పని పూర్తికాకుండానే ముక్కలు సియాటిల్ పక్కన ఎవరెట్‌కి వచ్చేశాయి. ముక్క వచ్చింది, దాంతోపాటు చెయ్యని పనీ వచ్చింది. షెడ్యూల్లో "సెక్షన్ చేరింది" అన్న లైనుకి వంద పడే ఉంటుంది.

రావులపాలెం_రివెట్టు
చూశావా అమ్మా. బోర్డు ఉంటే ఫాస్టెనర్ల చీటీ మొదటి రోజే కనబడేది.

లేసుపార్కు_లక్ష్మి
బాబాయి గారూ, మిగతా సగం ఇప్పుడు చెబుతాను. మీ బోర్డు ఇవాళ లేనిదాన్ని చూపిస్తుంది. మూడు నెలల తర్వాత ఏది లేకుండా పోతుందో చూపించదు. 7050 అల్యూమినియం పలక ఇవాళ ఆర్డరు పెడితే రేపు రాదు, నెలలు పడుతుంది. అది లేదని మీ బోర్డు మీద చీటీ పడేసరికి చెయ్యడానికి ఏమీ మిగలదు. మీ హ్యాంగరులో ఏడాదికి ఎన్ని విమానాలు చేశారు?

రావులపాలెం_రివెట్టు
మంచి ఏడాదైతే ఎనిమిది.

లేసుపార్కు_లక్ష్మి
ఇప్పుడు ఒక్క మోడలే నెలకి ఎన్నో పదులు చేస్తున్నారు. ఆ చీటీలకి గోడ కాదు, ధవళేశ్వరం నుంచి విజ్జేశ్వరం దాకా బ్యారేజీ కావాలి.

ధవళేశ్వరం_లాకు
175 గేట్లున్నాయి. గేటుకో విమానం.

రావులపాలెం_రివెట్టు
సరే తల్లీ, ఒప్పుకుంటున్నాను. సాయంత్రం గెల కోయించాలి, మళ్ళీ వస్తాను.

కౌశిక_కాలవ
నిన్న రాత్రి కూచుని ఆ రెండు బ్రాకెట్ల వెంట పడ్డాను. కూపీ లాగితే తేలిందిది. మెషినింగ్ మూడు వారాల కిందటే అయిపోయింది. సీఎమ్‌ఎమ్ (కొలతలు చూసే మెషిను)లో కొలతలు పాస్. తర్వాత పగుళ్ళ పరీక్షకి, అక్కణ్ణుంచి యానొడైజింగ్‌కి (తుప్పు పట్టకుండా తొట్టెలో ముంచి పూత పట్టించే పని) బయటి షాపుకి వెళ్ళాలి. నా షెడ్యూల్లో ఆ రెండూ లేవు. మెషినింగ్ లైనుకీ అసెంబ్లీ లైనుకీ మధ్య "5 రోజుల ల్యాగ్" అని ఒక అంకె ఉంది. అంతే. నాకన్నా ముందున్న ప్లానరు పెట్టిపోయాడు. ఆ అయిదు రోజుల్లో ఒక ట్రక్కు, రెండు షాపులు, ఒక క్యూ, నలుగురు ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు. యానొడైజింగ్ షాపులో మా బ్రాకెట్లు తట్టలో ఉన్నాయి, వాటి ముందు ఇంకెవరివో నాలుగు బ్యాచీలు.

లేసుపార్కు_లక్ష్మి
దొరికింది. ల్యాగ్ అంటే పేరు పెట్టని పని. పేరు లేకపోతే ఎవరూ బాధ్యులు కాదు, ఎవరూ అప్‌డేటు చెయ్యరు, కానీ రోజులు మాత్రం తింటుంది. యానొడైజింగ్, పెయింటు, హీట్ ట్రీట్‌మెంట్, పగుళ్ళ పరీక్ష, ఇవి చెయ్యడానికి కస్టమరు ఒప్పుకున్న షాపులే ఉండాలి. ఊళ్ళో ఉన్న ఏ షాపుకో తీసుకెళ్ళి చేయించలేం. అందుకని అందరి భాగాలూ ఆ రెండు మూడు షాపుల ముందే వరసలో నిలబడతాయి. మీ ఫ్యాక్టరీ ఇరుకు మీ 5 యాక్సిస్ మెషిన్ల దగ్గర లేదు. ఆ షాపు తొట్టె దగ్గరుంది.

నరసాపురంలో లేసు పని ఎలా నడుస్తుందో తెలుసుగా. ఒక ఇంట్లో పువ్వు, ఇంకో ఇంట్లో ఆకు, వేరే ఇంట్లో అంచు. ఏజెంటు వచ్చి పోగుచేసుకుపోతాడు. చివర్లో అతుకుపని చేసే ఒకావిడ అన్నిటినీ కలిపి దుప్పటి చేస్తుంది. మా అమ్మమ్మ అతుకుపని మనిషి. ఏ ఇంట్లో ఎన్ని పువ్వులయ్యాయో ఆవిడ ఎప్పుడూ అడిగేది కాదు. "ఏ పువ్వు రాలేదు" అని ఒక్కటే అడిగేది. ఆ లెక్క ప్రకారం రివెట్టు బాబాయి గారిదే గెలుపు, ఒప్పుకుంటున్నా.

భీమారం_రొయ్య
ఎయిర్‌బస్ వాళ్ళు నరసాపురం వచ్చి నేర్చుకునుంటే వైర్లు సరిపోయేవి.

యానాం_ఫ్రెంచి
నరసాపురం వాళ్ళు మీటర్లో కొలుస్తారా గజంలో కొలుస్తారా అని మళ్ళీ మీటింగు పెడతారు.

కౌశిక_కాలవ
లక్ష్మి గారూ, ఇంకో ప్రశ్న. ల్యాగ్ తీసేసి ఆరు లైన్లు పెట్టాను, ఆ షాపు క్యూతో సహా. ఎఫ్9 (తేదీలన్నీ మళ్ళీ లెక్కవేసే మీట) నొక్కితే తర్వాతి సెట్టు డెలివరీ తేదీ ఒక్క రోజు కూడా జరగలేదు! డిసెంబరు 19, అలాగే కూచుంది. పది రోజుల పని కొత్తగా చేర్చాను కదా, ఎక్కడికి పోయాయి?

లేసుపార్కు_లక్ష్మి
చివరి మైలురాయి మీద కన్‌స్ట్రెయింట్, అంటే తేదీకి వేసిన కట్టు, ఏముందో చూడండి.

కౌశిక_కాలవ
మాండేటరీ ఫినిష్, డిసెంబరు 19.

లేసుపార్కు_లక్ష్మి
అయ్యో రామా! ముందున్న పనులు ఏమైనా కానీ, ఆ తేదీ కదలదని రాసి సంతకం పెట్టినట్టు అది. నెట్‌వర్కు లెక్క దాని ముందు చెల్లదు. అది ఉన్నంతకాలం మీ దగ్గరున్నది షెడ్యూలు కాదు, క్యాలెండరు. తీసేసి "ఆ తేదీకి గాని ముందు గాని" అన్న మెత్తటిది పెట్టండి. అప్పుడు తేదీ దాని దారిన అది జరుగుతుంది, ఎంత మించిందో నెగెటివ్ ఫ్లోటులో కనబడుతుంది. అమెరికా రక్షణశాఖ కాంట్రాక్టులు చూసే డీసీఎమ్‌ఏ వాళ్ళకి షెడ్యూలు ఆరోగ్యానికి 14 పరీక్షలున్నాయి. మొండి కన్‌స్ట్రెయింట్లు 5 శాతం దాటకూడదు. ముందు గాని వెనక గాని లింకు లేని పనులు 5 శాతం దాటకూడదు. 44 పని దినాలు మించిన పనులూ అంతే. ల్యాగులు కూడా 5 శాతం లోపే. మీ ఫైలుకి ముందు ఆ పరీక్షలు పెట్టండి, కొత్త సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత.

ధవళేశ్వరం_లాకు
ఇక్కడ మాత్రం నేను అడ్డం వస్తాను. తేదీ కదలకూడని పనులుంటాయండి. అంతర్వేది రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది. 2021 ఫిబ్రవరి కల్యాణానికి కొత్త రథం నిలబెట్టారు. భీష్మ ఏకాదశిని వారం వాయిదా వేద్దామని ఎవరూ అనలేదు. తేదీ బిగిసి ఉంది కాబట్టే పని అయింది. డిసెంబరు 19 తీసేస్తే మీ షాపు వాళ్ళకి అడిగేవాడు ఉండడు.

లేసుపార్కు_లక్ష్మి
లాకు గారూ, అక్కడ తిథి కదల్లేదు కాబట్టి కర్ర కదిలింది, వడ్రంగులు కదిలారు, డబ్బు కదిలింది. ఇక్కడ తేదీని బిగించి, మిగతా ఏదీ కదపలేదు. పైగా కదపాల్సిన అవసరముందన్న సంగతే తెర మీద కనబడకుండా చేశారు. తేదీని మనుషుల మధ్య బిగించండి, ఫైల్లో కాదు.

ధవళేశ్వరం_లాకు
ఆ వాక్యం ఒప్పుకోను గానీ బాగుంది. ఒప్పుకోనిదెందుకంటే, ఫైల్లో జరగడానికి వీలుంటే మా కాంట్రాక్టర్లు రోజూ జరుపుతారు.

క్యాలెండరు అన్నారు కాబట్టి అదీ చూసుకోండి కాలవ గారూ. మాకు డెల్టాలో కాలవ కట్టేసిన వేసవి రోజులే పనిరోజులు. లైనింగైనా, లాకు తలుపైనా ఆ కొద్ది వారాల్లోనే. నీళ్ళు వదిలారంటే మళ్ళీ ఏడాదే. ఓసారి మా కుర్రాడొకడు మామూలు ఆరు రోజుల క్యాలెండరు తగిలించాడు, సాఫ్ట్‌వేరు హాయిగా జూలైలో, నిండు కాలవలో కాంక్రీటు వేయించింది.

కౌశిక_కాలవ
నవ్వుకున్నాను కానీ వెళ్ళి చూస్తే నాదీ అదే తంతు, తిరగేసి. సీలెంటు ఆరడానికి మూడు రోజులని ఉంది. ఆరు రోజుల క్యాలెండరు. శనివారం రాసిన సీలెంటు మా షెడ్యూల్లో ఆదివారం సెలవు తీసుకుని సోమవారం నుంచి మళ్ళీ ఆరుతోంది. 31 చోట్ల ఉందలా.

భీమారం_రొయ్య
సీలెంటుకి కూడా వీక్లీ ఆఫ్! మా రొయ్యలకి ఈ సంగతి తెలియనివ్వకండి.

తణుకు_టర్నర్
ఇంకో అన్యాయం చెబుతా. మీ ప్లానర్లందరూ మొదటి సెట్టుకి ఎన్ని గంటలు రాస్తారో ఇరవయ్యో సెట్టుకీ అన్నే రాస్తారు. మొదటి ముక్కకి ఫిక్చరు సర్దుకోవాలి, ప్రోగ్రాం సరిచూసుకోవాలి, మొదటి ముక్క తనిఖీ కాగితాలు పూర్తి చెయ్యాలి. ఒక్కోసారి కాగితాలే ముక్కకన్నా బరువు. పదో ముక్కకి కళ్ళు మూసుకుని చేస్తాం.

రావులపాలెం_రివెట్టు
గెల అమ్ముడైంది, వచ్చేశాను. టర్నరు చెప్పింది 1936లోనే రైట్ అనే విమానాల ఇంజనీరు లెక్కగట్టాడయ్యా. విమానం మొదట ఎగరేసిన అన్నదమ్ములు కాదు, వేరే రైటు. చేసిన సంఖ్య రెట్టింపైనప్పుడల్లా ఒక్కోదానికి సగటున పట్టే గంటలు ముందున్న సగటులో 80 శాతానికి తగ్గుతాయని. మొదటిదానికి 1,000 గంటలైతే రెండింటి సగటు 800, నాలుగింటి సగటు 640, ఎనిమిదింటి సగటు 512. మా రివెట్ల షాపులో కళ్ళారా చూశాను. అయితే ఒక షరతు. మనుషులు మారకూడదు. మా దగ్గర ఓసారి పండగ తర్వాత సగం మంది కొత్తవాళ్ళు వచ్చారు, తొమ్మిదో విమానం మళ్ళీ మూడోదాని గంటలు తింది. నీ సాఫ్ట్‌వేర్లో ఆ గడి ఉందా కాలవా?

కౌశిక_కాలవ
లేదు బాబాయ్. మనుషుల పేర్లే లేవు, "రిసోర్స్ 3" అని ఉంది.

యానాం_ఫ్రెంచి
ఇంకో మాట కూడా మీ పెద్దాయనకి చెప్పండి. మన యుద్ధవిమానం తేజస్ మార్క్ 1ఏ చూడండి. 83 విమానాలకి 2021 ఫిబ్రవరిలో కాంట్రాక్టు, అదే ఏడాది ఆగస్టులో 99 ఎఫ్404 ఇంజన్లకి ఆర్డరు. మొదటి ఇంజను 2025 మార్చిలో చేతికొచ్చింది. ఇక్కడ ఎంత గొప్ప షెడ్యూలరు కూచుని ఎన్నిసార్లు ఎఫ్9 నొక్కినా అమెరికాలో ఇంజను కదలదు. సాఫ్ట్‌వేరు చెయ్యగలిగిందల్లా, ఇంజను ఇన్ని నెలలు లేటైతే ఏ విమానం ఎక్కడ ఆగాలి, ఈలోపు మనుషుల్ని ఏ పనిలో పెట్టాలి అని ముందే చూపించడం.

లేసుపార్కు_లక్ష్మి
అదే చాలండీ. అంతమాత్రం చేసినా దాని జీతం దానికి ఇవ్వొచ్చు.

కౌశిక_కాలవ
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను. మాండేటరీ ఫినిష్ తీసేశాను. ల్యాగులన్నీ పనులుగా మార్చాను, సీలెంటు క్యాలెండర్లు సరిచేశాను. శాతాలు పీకేసి స్టాంపు ఉంటే వంద, లేకపోతే సున్నా. ఎఫ్9 నొక్కాను. డిసెంబరు 19 పోయి ఫిబ్రవరి 6 వచ్చింది. కడుపులో తిప్పింది నాకు.

సోమవారం రివ్యూలో పెట్టాను. పెద్దాయన రెండు నిమిషాలు తెర వైపు చూసి, "ఎవరు పాడు చేశారు దీన్ని? పాతది పెట్టు" అన్నారు. పాతది వేరే పేరుతో దాచే ఉంచాను. పెట్టాను. పచ్చగా వచ్చింది. అందరూ టీ తాగారు.

తణుకు_టర్నర్
చెప్పానుగా.

భీమారం_రొయ్య
అన్నా, ఆ బిస్కెట్ల ఆయన మళ్ళీ వచ్చుంటాడే.

కౌశిక_కాలవ
ఆగండి, అయిపోలేదు. బుధవారం కస్టమరు వైపు షెడ్యూలరుతో కాల్. పెద్దాయన ఊళ్ళో లేరు. ఆవిడ "మీ డిసెంబరు 19 నిజమేనా" అని సూటిగా అడిగింది. నా నోట్లోంచి ఫిబ్రవరి 6 వచ్చేసింది. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆవిడేమందో తెలుసా? మీరు జనవరి చివరికి గాని ఇవ్వరని మేం ఎప్పుడో వేసుకున్నాం, మా లైన్లో ఆరు వారాలు పక్కన పెట్టుకున్నాం, ఏ రిబ్బులు ముందొస్తాయో అది చెప్పండి చాలు, వాటితో జిగ్గులో పని మొదలెట్టుకుంటాం అంది. వాళ్ళ వరస ప్రకారం 40 రిబ్బులు జనవరి 10కి ఇవ్వగలను. ఆ మాట కొత్త షెడ్యూల్లోంచే చెప్పాను. పాతదాంట్లో వరసే లేదు, అన్నీ 19నే.

పెద్దాయనకి మెయిలు పెట్టాను. ఇంకా జవాబు లేదు.

లేసుపార్కు_లక్ష్మి
జనవరి 10 అన్నారుగా, ఆ 40కి యానొడైజింగ్ షాపులో చోటు పట్టారా? ఫోన్లో "అలాగేనండి" కాదు, తొట్టె నంబరూ తేదీ వేసిన కాగితం.

కౌశిక_కాలవ
రేపు వెళ్తున్నాను. స్వయంగా.

ధవళేశ్వరం_లాకు
కనుమకి మన కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వస్తున్నారా మరి? ప్రభలు కౌశిక దాటే టైముకి మీ పేరుగల కాలవ గట్టు మీద మీరే లేకపోతే ఎలా.

కౌశిక_కాలవ
సెలవు లైను పెట్టాను. ప్రిడిసెసర్, అంటే దానికి ముందు అవాల్సింది, జనవరి 10.

రావులపాలెం_రివెట్టు
అవన్నీ సరే గానీ, ఆ రెండు బ్రాకెట్లు వచ్చాయా?

కౌశిక_కాలవ
ఒకటి వచ్చింది బాబాయ్. రెండోది ఇంకా తట్టలోనే ఉంది.